కనకమ్మ నాలుక, కృపానందం బీరు

కనకమ్మకు చదువు రాదు, రుచి వచ్చు. చౌటుప్పల్ పక్క పల్లెలో తండ్రి తాడిచెట్లెక్కి దించిన కల్లును ఎనిమిదేళ్ల వయసులోనే చప్పరించి, ఇది ఏ చెట్టుదో చెప్పేసేది. తండ్రి పెట్టిన నియమం ఒక్కటే: అడిగినవాడికి చెట్టు పేరు దాచకూడదు.

ఆ నాలుకతోనే హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ తుడిచే పనికి కుదిరింది. అక్కడ ఫినాయిల్ వాసనకు ముక్కు చాలు. నాలుక అవసరం కృపానందానికి పడింది.

ఆయన ఆ మేడలోనే సాఫ్ట్‌వేర్ టెస్టరు, తెనాలి వైపు మనిషి. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఇంట్లో బీరు కాస్తాడు. వేపపువ్వు, సుగంధిపాల వేళ్లు, ఇప్పపువ్వు, చేతికి ఏది దొరికితే అది వేస్తాడు. స్నేహితులు తాగి సూపరనేవారు. ఊరికే వచ్చిన బీరును తిట్టే నిజాయితీ స్నేహానికి ఎక్కడిది? ఒక ఆదివారం ఇల్లు కడగడానికి వచ్చిన కనకమ్మ గుక్కెడు నోట్లో పోసుకుని సింకులో ఊసింది.

"సారూ, గిది బొద్దింకల మందా?"

ఆ రోజు నుంచి ఆమె మాటే తీర్పు.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. మదీనాగూడ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి తినే వంటావార్పుకు కనకమ్మ ఉండే బస్తీ సిద్ధమైంది. పొయ్యి ముట్టించే ముందు ఎల్లమ్మ తల్లి పేరిట నేల మీద కల్లు సాక పోయాలి. కుండెడు కల్లు నాదని అందరి ముందూ మాటిచ్చింది కనకమ్మ. ఊరి నుంచి తమ్ముడు తేవాలి. పొద్దున్నే వాడి ఫోన్.

"అక్కా, బస్సుల్లేవు."

"ఎందుకు లేవురా?"

"మనమే బంద్ జేసినం గదనే!"

బస్సులాపాలని గొంతు చించుకున్నవాళ్లలో కనకమ్మ గొంతూ ఉంది. కల్లు కూడా బస్సులోనే వస్తుందని మాత్రం తట్టలేదు. మాట పోతే బస్తీలో ఇక తలెత్తుకోవడం కుదరదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని కూకట్‌పల్లికి నడిచింది.

"కల్లు అసోంటిది కావాలె సారూ. తెలంగాణ కోసం."

"మమ్మల్ని పంపేయడానికి నా బీరే దొరికిందా కనకమ్మా?"

"మంచిగుంటేనే పట్కపోత."

ఆ 'ఉంటేనే' ఆయన్ని ఉద్యమం కన్నా ఎక్కువ పరేషాన్ చేసింది. గబగబా మూడు సీసాలు తెచ్చాడు.

"ఏవండీ, మన ఇంటి బీరు ఎల్లమ్మకా?" అంది ఆయన భార్య రాహేలు వంటింట్లోంచి.

"తాగేది మనుషులేలే రాహేలూ!"

వేపపువ్వుది చప్పరించి కనకమ్మ, "ఉగాది ఎల్లిపోయింది సారూ" అంది. సుగంధిపాలది దగ్గుమందని తేల్చింది. ఇప్పపువ్వు దగ్గర కళ్లు మూసుకుని, మింగింది.

"కల్లు గాదు. గని కల్లుకు మేనమామ బిడ్డ."

ఉన్న ఇప్పపువ్వు సీసాలన్నీ బిందెలో ఒంపుకుంది.

మదీనాగూడ రోడ్డు మీద సాక అయింది. తాటాకు మడిచి చేసిన రేకలు నిండి చేతుల్లో తిరిగాయి. ముసలి గీత కార్మికుడు ఎల్లయ్య సగం తాగి ఆగాడు.

"కనకా, ఏ చెట్టుదే?"

చుట్టూ చేతులాగాయి. తాడిదంటే గండం గడిచేది. కానీ అడిగాడు కదా.

"కూకట్‌పల్లి చెట్టు మామా, మూడో అంతస్తు. కృపానందం సారు ఇప్పపువ్వుతోని కాసిండు."

"ఆంధ్రాయననా?"

"ఆఁ."

ఎల్లయ్య పొయ్యిల వైపు చూశాడు, జెండాల వైపు చూశాడు, రేకలో మిగిలిందీ తాగేశాడు.

"రేపు రాష్ట్రమొస్తే పోతడా ఏంది?"

"ఏమో మామా."

"జర అడుగు. పోతే పొమ్మను గని, పువ్వు ఎంతేస్తడో జెప్పి పొమ్మను."

రేక మళ్లీ చాపాడు.