రమణమ్మ సిస్టర్ పెట్టని సంతకం

ప్రింటరు నుంచి అప్పుడే తీసిన కాగితం చేతికి వెచ్చగా తగిలింది. నేను సూపర్‌వైజరుగా ఉన్న ఆసుపత్రిలో ఒక నర్సు గల్ఫ్ ఉద్యోగానికి రెజ్యూమె తయారు చేసుకుని నాకు చూపించింది. అందులో ఒక ఏడాది కనబడలేదు. "అప్పుడేం చేశావమ్మా?" అని అడిగి, ఆగిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు, రమణమ్మ సిస్టర్‌ది. ఇరవై ఏళ్ల కిందట నన్ను కువైట్ పంపిన రెజ్యూమె రాయించింది ఆవిడే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడ గురించి చెప్పింది వేరొకటి, అది అబద్ధం.

కూర్మన్నపాలెం దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆవిడ మా హెడ్ నర్సు. పొట్టి మనిషి, నడక మాత్రం ఎప్పుడూ కదిలిపోతున్న బస్సును అందుకోబోతున్నట్టే ఉండేది. చేయని పని చేసినట్టు చార్టులో రాస్తే ఊరుకునేవారు కాదు. ఒకసారి నేను నాడి చూడకుండానే డెబ్బై రెండు అని వేశాను. ఆవిడ నన్ను ఆ మంచం దగ్గరికి లాక్కెళ్లి, ముసలాయన చెయ్యి నా చేతిలో పెట్టారు. "పైకి లెక్కెట్టు. తాతకి కూడా ఇనబడాల." నూట పది వచ్చింది. "సూసేవా తాతా, ఈ బాబు నీకు ఎంత ఆరోగ్యం రాసీసేడో!" అన్నారు. తాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గల్ఫ్ ఏజెన్సీ వాళ్లు మధ్యలో ఖాళీ లేకుండా రెండేళ్ల అనుభవం కావాలన్నారు. నాకు ఎనిమిది నెలల ఖాళీ ఉంది. స్టీల్ ప్లాంటులో పనిచేసే మా నాన్నకు పక్షవాతం వస్తే ఉద్యోగం మానేసి ఇంట్లో ఆయన దగ్గరే ఉన్నాను. ఆ నెలల్లోనూ వార్డులో ఉన్నట్టు సర్టిఫికెట్ టైపు చేయించి, సంతకం కోసం సిస్టర్ ముందు పెట్టాను.

"ఏటిది శీనూ? అప్పుడు నువ్విక్కడ నేవు కదా?"

"అందరూ ఇలగే రాయించుకుంటన్నారు సిస్టర్."

"అందరి సంగతీ నాకెందుకు? నాను పెట్టను."

ఆ కోపంతో తిన్నగా క్యాంటీన్‌కి వెళ్లాను. "ఏటి బావా, పెట్టిందేటి?" అన్నాడు తోటి నర్సు కిశోర్. "పెట్టదు బావా. వీసా వచ్చినా తనెల్లలేకపోయింది కదా. మనం ఎల్తంటే కడుపుమంట," అన్నాను. ఆవిడకు ఒకప్పుడు వీసా వచ్చి, ఇంటి ఇబ్బందులతో ఆగిపోయిన మాట నిజమే. అందుకే పక్క బల్లల వాళ్లు కూడా నా మాట నమ్మేశారు.

మర్నాడు డ్యూటీ దిగాక సిస్టరే పిలిచి కూర్చోబెట్టారు. ఆ ఎనిమిది నెలలూ ఏం చేశావని అడిగారు. సిగ్గుపడుతూ చెప్పాను: రెండు గంటలకోసారి నాన్నను పక్కకు తిప్పడం, ముక్కు గొట్టంలోంచి జావ పొయ్యడం, పక్క బట్టలు మార్చడం.

"వీపుకి పుళ్లు పడ్డాయేటి?"

"ఒక్కటీ పడలేదు సిస్టర్."

"మరి ఖాళీ అంటావేటి? ఉద్యోగమని రాయకు. ఇంటికాడ నాన్నని సూసుకున్నానని రాయి."

ఏజెన్సీ మనిషి గొణుగుతూనే ఇంటర్వ్యూకి పంపాడు. అక్కడ ఆ ఒక్క వాక్యం మీదే పావుగంట అడిగారు. పుళ్లు పడకుండా ఎలా చూశావు, ఒక్కడివే ఎలా తిప్పేవాడివి అన్నారు. లేచి చేసి చూపించాను. ఉద్యోగం వచ్చింది. "ఆవిడ అడ్డుపడినా సాధించేవు బావా!" అని కిశోర్ వీపు తట్టాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అబద్ధం కోపంలో వచ్చింది. ఆ ఊరుకోవడం మాత్రం తెలిసి చేసిందే. ఆ తర్వాత రెజ్యూమె పట్టుకుని ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్లలేదని, కువైట్ నుంచి తిరిగి వచ్చాక విన్నాను. విని కూడా ఏళ్లు గడిపేశాను.

ఆ నర్సు రెజ్యూమె చూశాక, మొన్న ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్లాను. రిటైరై చాలా కాలమైంది. గుమ్మంలో కూర్చుని చింతచిగురు ఏరుతున్నారు. "సిస్టర్, ఆ రోజు క్యాంటీన్‌లో నేను..." అని మొదలుపెట్టాను.

"కడుపుమంట అన్నావు. ఆ సాయంత్రమే నా సెవినేసేరు."

అంటే మర్నాడు నన్ను కూర్చోబెట్టేనాటికే ఆవిడకు తెలుసు. "మరి నాకెందుకు రాయించారు?"

"నీ నోటికీ నీ రెజ్యూమెకీ ఏటి సంబంధం?"

క్షమించమన్నాను. ఆవిడ చిగురు మీంచి తలెత్తలేదు. "నాకెందుకు సెప్తన్నావ్ శీనూ? నాకు నిజం తెలుసు. ఆ అబద్ధం ఇన్నోలకి సెప్పు."

ఆ గుమ్మంలోనే కూర్చుని, ఆవిడా, కిశోర్ వాళ్లూ ఉన్న మా పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో రాసి పంపాను: "రమణమ్మ సిస్టర్ నాకు అడ్డుపడలేదు. దొంగ సర్టిఫికెట్ అడిగింది నేను. కడుపుమంట అని అబద్ధం చెప్పిందీ నేను. ఉద్యోగం తెచ్చిన రెజ్యూమె ఆవిడ రాయించిందే. సిస్టర్, మీ పేరు పాడుచేశాను. నన్ను క్షమించండి."