పంతులమ్మగారి బొటనవేలు

డెబ్బైల చివర్లో బందరులో నేను అద్దెకున్న ఇంటివారు శనివారం సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, పాటించే క్రైస్తవులు. శుక్రవారం పొద్దుగూకాక వాళ్లింట్లో పొయ్యి వెలగదు. అందుకని మర్నాడు భోజనానికి ఎంతమందో ఇంటావిడ శుక్రవారం మధ్యాహ్నమే తేల్చుకునేవారు. బళ్లో పంతులమ్మ కదా, లెక్క వేళ్ల మీదే. ఇంట్లోవాళ్లకు, నాకు, ప్రార్థనకొచ్చే చుట్టాలకు తలా ఒక వేలు ముడిచి, చివర్న బొటనవేలు కూడా ముడిచేవారు.

"అదెవరికండీ?" అని ఓసారి అడిగాను.

"నాకేం తెలుసు బాబూ? వస్తారుగా!"

నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవారు. ఎక్కువగా నాగాయలంక బస్సు తప్పిపోయినవాళ్లు. రాత్రంతా ఊరిన ఆ చేపల పులుసు కోసం కావాలనే బస్సు వదిలేసేవారని నా అనుమానం.

ఒక శనివారం మాత్రం ఆ బొటనవేలి లెక్కకు ఎవరూ రాలేదు. ఒంటిగంటన్నరైంది. విస్తళ్లు వేసే ఉన్నాయి. పంతులమ్మగారు గుమ్మం వదల్లేదు.

"ఆకలేస్తోందే," అన్నారు ఆవిడ భర్త, మాస్టారు.

"ఇంకొకరు రావాలండీ."

మాస్టారు కండువా వేసుకుని, పెరటి దారిన బయటికెళ్లి, వీధి చుట్టి వచ్చి గేటు తట్టారు.

"అమ్మా, పొరుగూరివాణ్ణి. ఇంత అన్నం దొరుకుతుందా?"

ఆవిడ నవ్వలేదు. "రండి బాబూ, మీకోసమే చూస్తున్నాం," అంటూ కాళ్లకు నీళ్లిచ్చి, విస్తరి ముందు కూర్చోబెట్టి, పులుసు వడ్డించారు. మాస్టారు ఆత్రంగా ముద్ద కలపబోయారు.

"కాస్త ఆగండి బాబూ," అన్నారావిడ. "మా ఆయన వచ్చి ప్రార్థన చెయ్యాలిగా!"