నడిమి గడి

దోహాలోని నజ్మా పేటలో ఒక టైపింగ్ సెంటర్లో గుండేటి లింబాద్రి పన్నెండేళ్లుగా ఫారాలు నింపుతున్నాడు. వీసా కాగితమైనా, పెళ్లి కాగితమైనా తన చేతిలో తప్పు పోదని ఈ నిర్మల్ మనిషి అందరికీ చెబుతాడు. ఎవరైనా తప్పు చూపిస్తే మాత్రం గయ్యిమంటాడు.

ఆ ఉదయం రోవెనా అనే ఫిలిప్పీన్స్ నర్సు భర్తను వెంటబెట్టుకొని వచ్చింది. దోహాలో జరిగిన తమ పెళ్లిని వాళ్ల దేశపు ఎంబసీలో నమోదు చేయించుకోవాలి. లింబాద్రి చకచకా ఫారం నింపి, పేరు రాసేచోట నడిమి గడిలో అలవాటుగా ఇద్దరికీ తండ్రుల పేర్లు కొట్టాడు.

రోవెనా చదివి నవ్వింది. "ఇక్కడ మా అమ్మల పుట్టింటి పేర్లు ఉండాలి, భాయ్," అంది ఇంగ్లిష్‌లో.

"నాన్న పేరు లేకుండా ఎలా?" అని లింబాద్రి గయ్యిమన్నాడు.

"నాన్న ఇంటిపేరు చివర ఉంది కదా. మరి అమ్మ ఎక్కడికి పోవాలి?"

లింబాద్రి ఇద్దరి అమ్మల పుట్టింటి పేర్లు అడిగి రాసుకున్నాడు. కాగితాలన్నీ మళ్లీ కొట్టిచ్చాడు.

వాళ్లు వెళ్లాక, తన కూతురి పేరును ఆ పద్ధతిలో ఒక తెల్లకాగితం మీద కొట్టి చూసుకున్నాడు: వర్షిణి సిరిపురం గుండేటి. సాయంత్రం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఇంటికి తెచ్చి భార్య పుష్ప చేతిలో పెట్టాడు. నడుమ తన పుట్టింటి పేరు చూసి ఆమె రెండుసార్లు చదువుకుంది.

"ఏమన్న తప్పు వోయిందా?" అన్నాడు.

"లేదు," అంది పుష్ప, కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటిస్తూ. "పన్నెండేండ్లకు ఒక్కటి సక్కగ కొట్టినవ్."