గుర్రంతో నాలుగు మాటలు

ఇంగ్లండ్‌లో ఒక నేషనల్ పార్క్. అడవి దాటి, ఊదారంగు పూల పొదల మధ్య మట్టిదారిలో అద్దె సైకిల్ తొక్కుతున్నాను. ముందు ఒక పెద్దావిడ గుర్రం మీద వెళ్తోంది. నేను అఫ్జల్‌గంజ్ బజారు రద్దీలో పెరిగినవాణ్ని. వెనక నుంచి వచ్చేటప్పుడు గంట కొట్టడమే మాకు మర్యాద. గట్టిగా కొట్టాను. గుర్రం బెదిరి ముందుకాళ్లెత్తేసింది.

ఆవిడ కళ్లెం బిగబట్టి, "గంట వద్దు, మాట్లాడు! గొంతు వింటే వచ్చేది మనిషని దానికి తెలుస్తుంది" అంది.

కంగారులో నోట ఇంగ్లీషు రాలేదు. సైకిల్ దిగి, "ఏం గాలే బిడ్డా, నేనే. ఫికర్ జెయ్యకు" అన్నాను. ఇల్లు వదిలాక ఒకరితో తెలుగులో మాట్లాడడం అదే మొదలు. గుర్రం చెవులు నావైపు తిప్పి, నెమ్మదించింది.

"ఇంకా మాట్లాడు, వింటోంది" అంది ఆవిడ మెల్లగా.

ఇంటికి తిరిగొచ్చాక, మొన్న అఫ్జల్‌గంజ్‌లో, పెళ్లి ఊరేగింపు కోసం ముస్తాబు చేసిన గుర్రమొకటి రోడ్డు పక్కన హారన్లకు బెదురుతూ కనిపించింది. బండి ఆపి, దగ్గరికెళ్లి అదే మాట చెప్పాను.

పగ్గం పట్టుకున్న ముసలాయన నావైపు తిరిగాడు.

"అందరు పెండ్లికొడుకునే చూస్తరు భాయ్. దీన్ని పలకరించినోనివి నువ్వొక్కనివే."