మోచేతి కింది ధీమా

వెర్లిన్ హ్యాచర్ వేసుకునే చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదే. దాని అంచు పైకి లేవకుండా కుడి మోచేతిని నడుముకు అదిమిపెట్టి నడుస్తాడు. లోపల పిస్టల్ ఉంటుంది మరి. అమెరికాలో, మా మిస్సోరి రాష్ట్రంలో అదేమీ వింత కాదు. కానీ అమ్యూజ్‌మెంట్ పార్కు గేటు మీద, తుపాకులు లోపలికి తేవద్దని పిడికెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది. మనవరాలిని రంగులరాట్నం ఎక్కించడానికి తెచ్చే ప్రతి శనివారం ఆయన అది చదివి, నవ్వి, తనిఖీ లేని పక్క గేటులోంచి దూరతాడు. "పిల్లదాన్ని కాపాడుకోవద్దా?" అంటాడు.

ఆ కాపాడేవాడు మొన్న మరుగుదొడ్డికి వెళ్లి, ప్యాంటు విప్పబోతూ పిస్టల్‌ని టాయిలెట్ పేపర్ పెట్టె మీద పెట్టాడు. పని కానిచ్చుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, పిస్టల్ అక్కడే వదిలేసి వచ్చాడు. ఐస్‌క్రీమ్ సగం తిన్నాక గాని మోచేతికి ఏమీ తగలడం లేదని తెలియలేదు. మరుగుదొడ్డికి పరుగెత్తాడు. అక్కడ ఊడ్చే ఒడెస్సా తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"లోపలికి పోకు పెద్దాయనా, పోలీసులొస్తున్నారు. ఎవడో మతిలేనోడు తుపాకీ వదిలేసి పోయాడు. నాలుగేళ్ల బుడ్డోడు బొమ్మనుకుని చెయ్యి చాపాడు. నేను చూడబట్టి సరిపోయింది!"

వెర్లిన్ మొహం ఎర్రబడింది. సిగ్గుతో అనుకుంటే పొరపాటే.

"అది నాదేలే, ఇటియ్యి. అయినా ఇంత తేలిగ్గా తుపాకీ లోపలికొచ్చేస్తుంటే మీ గేటు దగ్గరోళ్లు ఏం చేస్తున్నట్టు? ఇందుకే కదా నేను పిస్టల్ లేకుండా ఇక్కడికి రానిది!"