ఆ పేపర్ ఏ ఊరిది?

ఆ రోజు పొద్దున క్లాసులో ఒక అమ్మాయి సరైన ప్రశ్న అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పకుండా, అందరూ ఆమెను చూసి నవ్వేలా చేశాను.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు నేను కరెంట్ అఫైర్స్ చెబుతాను. వారానికోసారి నేను తయారుచేసే షీట్ కోసం పిల్లలు జిరాక్స్ షాపుల ముందు నిలబడతారు. అందులో ఉన్నది గుర్తుంటుందా లేదా అని చూస్తారు తప్ప, నిజమా కాదా అని చూడరు. అలా అలవాటు చేసింది నేనే.

ఆ రోజు పాఠం, బయటి దేశాలు అబద్ధపు వార్తలతో ఎన్నికల్లో ఎలా తలదూరుస్తాయన్నది. నిర్వచనం చెప్పి రాయించాను. తర్వాత పోయినవారం షీట్‌లోని ఒక అంశానికి వచ్చాను. మన నగరాల్లో వలస కూలీల పేర్లను ఓటర్ల జాబితాలో గంపగుత్తగా ఎక్కిస్తున్నారని, వాళ్లలో చాలామందికి రెండుచోట్ల ఓట్లున్నాయని ఒక విదేశీ పత్రిక రాసింది. నేనది ఇంటర్నెట్‌లో చూసి తెలుగులో పెట్టాను.

ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ పేపర్ ఏ ఊరిది?" అంది.

"ఊరు, పేరు అన్ని అడుగుతున్నవ్, పెండ్లి సంబంధం మాట్లాడుతున్నవా అమ్మా?" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. "జాతకం గూడ అడుగుమనుండ్రి సార్," అన్నాడు వెనక బెంచీలో ఒకడు. అమ్మాయి కూర్చుంది. నేను తర్వాతి పాయింటు మొదలుపెట్టాను.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి మెట్ల దగ్గర నా కోసం ఆగి ఉంది.

"సార్, మాది పాలమూరు దిక్కు. మా నాయిన సెంట్రింగ్ పని చేస్తడు. మా అమ్మ నారాయణగూడల ఒక అపార్ట్‌మెంట్ల పని చేస్తది. ఆ అపార్ట్‌మెంటోళ్ల వాట్సాప్ గ్రూపుల మీ షీట్ పెట్టిండ్రు. పక్కన మా బస్తీ ఉంది గదా, మా పేర్లు లిస్టుల నుంచి తీసెయ్యమని దరఖాస్తు రాస్తున్నరు. మీ షీట్ దానికి జత చేస్తరంట. సాయంత్రం మీటింగ్."

"మీకు ఊర్ల ఓటు లేదా?" అన్నాను. నోట్లోంచి వచ్చాక సిగ్గనిపించింది.

"అక్కడ తీసేయించుకున్నంకనే ఇక్కడ రాయించుకున్నం సార్. అమ్మ ఇక్కడ ఇంకా ఒక్కసారి గూడ ఓటు వెయ్యలే." "పేపర్ల వచ్చిందని ఎవరు అంటలేరు సార్. మీరు రాసిండ్రని అంటున్నరు," అంది.

హిమాయత్‌నగర్‌లో ఒక పత్రికలో పనిచేసే స్నేహితుడి దగ్గరికి వెళ్లి, ఆ విదేశీ పత్రిక పేజీ ఫోన్‌లో చూపించాను. పైన పాతకాలపు అక్షరాలతో, ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పత్రికలా ఉంది. అతను కిందిదాకా జరిపి చూశాడు. చిరునామా లేదు. సంపాదకుడి పేరు లేదు. వెతికితే ఇదే వార్త, ఇదే ఫొటోతో, దేశం పేరు మాత్రం మార్చి ఇంకో పత్రిక పేరున్న పేజీలో కనిపించింది.

"ఇవన్ని బయటి దేశంల కూసొని నడిపిస్తరు. ఎన్నికలు దగ్గరికొస్తే వదుల్తరు. మా డెస్కుల దీని గురించి ఇదివరకే చెప్పిండ్రు," అన్నాడు.

"ఎవరిని గెలిపియ్యనీకి?"

"ఎవడు గెలిస్తే వాళ్లకేంది? పక్కింటోని ఓటు దొంగ ఓటని నువ్వనుకుంటే వాళ్ల పని అయిపోయినట్టే. ఇంగ్లిష్‌ల ఉంటే ఇక్కడ ఎవడు చదువుతడు? నువ్వు తెలుగుల పెట్టినవ్. జీతమిచ్చి పెట్టుకుందామన్నా వాళ్లకు నీ అసుంటోడు దొరకడు."

అతను నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నేను చేసినదాంట్లో కుట్రేమీ లేదు. ఆ వారం షీట్‌లో రెండో పేజీ నిండలేదు, ఆ వార్త అక్కడ సరిపోయింది. కానీ అసలు సంగతి వేరు. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. బస్తీవాళ్ల విషయంలో అలాంటిదేదో జరుగుతూనే ఉంటుందని నేను ముందే నమ్మి ఉన్నాను. అందుకే సరిచూడలేదు.

సాయంత్రం అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అమ్మాయి, వాళ్లమ్మ లిఫ్టు పక్కన నిలబడి ఉన్నారు.

"రండ్రి సార్, మీ షీటే మాకు ఆధారం," అంటూ అసోసియేషన్ సెక్రటరీ కుర్చీ జరిపాడు.

నేను కూర్చోలేదు. "అది తప్పండి. సరిచూడకుంట రాసిన. అది పేపరే కాదు, మనలో మనకు కొట్లాట పెట్టనీకి బయటోళ్లు తయారుచేసిన పేజీ."

ఒక పెద్దాయన కళ్లజోడు తీశాడు. "పోయినవారం నిజం, ఈ వారం అబద్ధమా? మా మనవడు మీ షీట్లే చదువుతుండు సార్. జర చెప్పుండ్రి, పరీక్షల ఏ వారంది రాయాలె?"

తప్పు నాదేనని మళ్లీ చెప్పాను.

అప్పుడు అమ్మాయి తల్లి సెక్రటరీతో అంది: "సారు, ఊరికి పోతే మీ ఇంటి తాళం నా చేతిల పెట్టి పోతరు. ఓటు కాడికి వచ్చెటాల్లకు దొంగనైతినా?"

సెక్రటరీ దరఖాస్తుకు గుచ్చిన నా షీట్‌ను కాసేపు చూశాడు. "ఇది తీసేస్తే ఇంకేం మిగుల్తది?" అన్నాడు.

"ఏం మిగలకపోతే పంపకుండ్రి."

"చూస్తం," అని దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మాట మీద నమ్మకం పెట్టుకోలేక అక్కడే ఒక కాగితం అడిగి రాశాను: ఈ వార్త అబద్ధం, దాన్ని ప్రచారంలోకి తెచ్చింది నేను, దీని ఆధారంగా ఎవరి పేరూ తొలగించవద్దు. సంతకం పెట్టి, అదే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టించాను. మర్నాడు దాన్ని ఓటర్ల జాబితా చూసే ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన నకలు అమ్మాయి చేతికిచ్చాను. ఆమె ప్రశ్న సరైనదని, నా ఎగతాళి తప్పని అదే క్లాసులో చెప్పాను. ఆమె తలూపింది కానీ నవ్వలేదు.

తర్వాత జిరాక్స్ షాపులకు వెళ్లాను. "మంచిగ అమ్ముడుపోతుంది గద సార్, ఎందుకు వాపస్ తీసుకుంటున్నరు?" అన్నాడు ఒక షాపాయన. మిగిలినవన్నీ తెచ్చేశాను. అమ్ముడైపోయినవి ఎక్కడున్నాయో తెలియదు. అందుకని చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర, పిల్లలు సీటు కోసం పొద్దున్నే వరస కట్టే చోట, సవరణ కాగితాలు పంచడం మొదలుపెట్టాను. కొందరు తీసుకుని చదవకుండానే ఫైల్లో పెట్టేసుకుంటున్నారు. వాళ్లను ఆపి, నా ముందే చదివిస్తున్నాను.