మూలకు వెళ్ళిన రాజు

నేను చదరంగం ఆడుతుంటే పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కాయలు దింపేవాళ్ళు చెట్టు మీదే ఆగిపోయి నా గుర్రం ఎత్తు చూసేవారు. ఈ మాట నమ్మనివాడు మా బావ ఒక్కడే. నా భార్యకు అన్న, ఎండు కొబ్బరి వ్యాపారి. ఏటా మా తెలుగు సంఘం జట్టు కోయంబత్తూరు పోటీకి వెళుతుంది. జట్టులో అందరికన్నా గట్టివాడు కూర్చునే మొదటి బల్ల ఎవరిదో మా ఇద్దరి ఆటే తేలుస్తుంది. ఏటా నేనే ఓడేవాణ్ణి.

"రెండో బల్లకి గాలి బాగా వస్తాది, పో మాప్పిళ్ళె" అనేవాడు బావ. చెల్లెలి మొగుణ్ణి మా వైపు తమిళంలో అలాగే పిలుస్తారు.

కాలేజీలో చదివే మా అమ్మాయి ఇది చూడలేకపోయింది. "నాయనా, నువ్వు ఓడిన ఆటలన్నీ చెప్పు. కంప్యూటర్లో పెడతా."

ప్రతి ఎత్తూ నాకు గుర్తే. చెబుతూ పోయాను. ఆ యంత్రం ఎంత ఆలోచించిందంటే, దాని వేడికి పక్కనున్న కొబ్బరి చిప్పలు ఎండి నూనె కారాయి. నా భార్యే సాక్షి. ఆమెను మాత్రం అడక్కండి.

యంత్రం తేల్చింది ఒక్కటే. నా గుర్రాలు భేష్, ముగింపులు భేష్. కానీ ఓడిన ప్రతి ఆటలోనూ నా రాజు బోర్డు నడుమ నిలబడి దెబ్బ తిన్నాడు.

"రాజుని మూలకి పంపి, ఏనుగుని పక్కన కాపలా పెట్టి కోట ఎందుకు కట్టుకోవు నాయనా?"

మా ఇళ్ళలో ఆడే పాత ఆటలో రాజుకు కోట లేదు. బదులుగా ఆటకొక్కసారి గుర్రంలా దూకి తప్పించుకోవచ్చు. పోటీల్లో ఆ దూకడం చెల్లదని మానేశాను గాని, "మూలన దాక్కునేవాడు రాజేమిరా" అన్న మా అవ్వ మాటను మానలేదు. అదే చెప్పాను.

"అవ్వ రాజుకి దూకేకి కాళ్ళుండె. నీ రాజుకి ఏముంది?" అంది అమ్మాయి.

ఆ రోజు నుంచి నా అంగడి తెరిచేముందు యంత్రంతో ఆడాను. కోట కట్టి, ఓపిక పట్టి, ఓడి, మళ్ళీ ఆడి.

బావతో ఆట రోజున సంఘం వాళ్ళు ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే పెట్టించారు. లోపల నాకు నేనే దిక్కు. బావ నడుమ దారి తెరవడానికి ఎప్పటిలాగే బంట్లు తోశాడు. నేను కోట కట్టాను.

"ఏమి మాప్పిళ్ళె, రాజుకి ఒళ్ళు బాగలేదా? మూలన పండబెడితివి."

"చలి బావ. మీరు ఆడండి."

అలవాటు కొద్దీ ఆయన గుర్రాన్ని బలిచ్చి నడుమ దారి తెరిచాడు. అక్కడ నా రాజు లేడు. తొందరపడకుండా రెండు ఏనుగులనూ ఆ దారికే తెచ్చి నిలిపాను. అవతలి కొసన ఆయన రాజు ఒంటరిగా ఉన్నాడు. ఓటమి ఒప్పుకుంటూ బావ తన రాజును మెల్లగా పడుకోబెట్టాడు.

"ఎవరు నేర్పిరి నీకి?"

"మీ మేనకోడలు."

"సరి. నాకీ నేర్పమను."

కోయంబత్తూరులో హాలు ఊడ్చేవాళ్ళు రాకముందే వెళ్ళి మొదటి బల్ల దగ్గర కూర్చున్నాను. బావ రెండో బల్ల దగ్గరికి వచ్చి, "కాఫీ తాగి రాప్పా, కుర్చీ ఎవరూ ఎత్తుకొని పోరు" అన్నాడు.

"తెలుసు బావ. కాఫీ ఇక్కడికే తెప్పించండి."